సొంత మాటల్లో రాయమంటాం, ఎట్లా రాయాలో ఎప్పుడు నేర్పాం?

(హనుమకొండలో బడి టీచర్లు, పిల్లల తల్లిదండ్రులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, చదవడానికి వీలుగా కొద్దిగా సర్ది పెట్టాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నేను ఒక్క విషయం పట్టుకుని మాట్లాడతాను, మధ్యలో ఎవరికైనా అడగాలనిపిస్తే చెయ్యెత్తండి, ఆఖరిదాకా ఆగాల్సిన పని లేదు.

తెలుగు పరీక్ష పేపరు ఏ తరగతిదైనా తీసి చూడండి. "సొంత మాటల్లో రాయండి" అని ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. సోషల్‌లో కూడా "మీ అభిప్రాయం రాయండి" అని ఉంటుంది. అడగడం మంచిదే. కానీ సొంత మాటల్లో రాయడం అనేది ఒక పని, దానికి ఒక పద్ధతి ఉంది, అది చూపిస్తే వస్తుంది, చూపించకపోతే రాదు. సైకిల్ ఎక్కు అన్నంత తేలిగ్గా రాయి అనేస్తాం. ఏ తరగతిలో, ఏ పీరియడ్‌లో దాన్ని కూర్చోబెట్టి నేర్పాం? నిజంగా అడుగుతున్నాను. ఏ క్లాసు టైంటేబుల్‌లో ఉంది?

ఇప్పుడు ఎఫ్‌ఏ, అంటే బడిలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ వచ్చిందనుకోండి, ప్రాజెక్టు పని ఇస్తాం. మేడారం జాతర మీద రాయండి, రామప్ప మీద రాయండి, మీ ఊరి చెరువు మీద రాయండి అని. పిల్లవాడు ఇంటికి పోతాడు, అమ్మ ఫోన్ తీసుకుంటాడు, పేరు కొడతాడు, మొదట వచ్చిన పేజీ తెరుస్తాడు, అందులో మొదటి రెండు పేరాలు తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో దింపుతాడు, జిరాక్స్ సెంటర్లో కలర్ బొమ్మ తీయించి అంటిస్తాడు, చుట్టూ స్కెచ్ పెన్నుతో బార్డర్ గీస్తాడు. రాత్రి పది దాటుతుంది. టెన్షన్ తీరిపోతుంది. మరునాడు క్లాసులో సగం మందివి అవే రెండు పేరాలు, అదే బొమ్మ. మనం చూసి ఏమంటాం? బార్డర్ బాగా గీసినవాడికి ఐదుకి ఐదు వేస్తాం.

ఆ పిల్లవాడిని అడగండి, "ఏందిరా, చూసి రాసినవా?" అని. "అవును సార్, మస్తు నీట్‌గ రాసిన" అంటాడు. దాచిపెట్టడు. తప్పు చేశానన్న బెదురు ఆ ముఖంలో వెతికినా కనిపించదు. ఎందుకు కనిపించాలి? ఒకటో తరగతి నుంచి మనం చదువు అన్నది దాన్నే కదా. బోర్డు మీద ఉన్నది చూసి రాయి. నోట్సు చూసి రాయి. జవాబు గైడులో ఎట్లా ఉందో అట్లా రాయి, ఒక్క మాట తప్పిపోయినా అరమార్కు పోతుంది. ఇట్లా తొమ్మిదేళ్లు పెంచి, పదో ఏడు ఒక పొద్దున "కాపీ కొడతావా, సిగ్గులేదా" అంటే ఆ బిడ్డకి మనం ఏం మాట్లాడుతున్నామో అర్థం కాదు. పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్ చూడటం తప్పని పిల్లలందరికీ తెలుసు, అది మనం గట్టిగా చెప్పాం. వేరేవాళ్ల పుస్తకంలో మాటల కింద మన పేరు రాసుకోవడం కూడా అదే జాతి తప్పు అని మాత్రం చెప్పలేదు.

ఇంకో మాట చెప్పాలి, ఇది టీచర్లకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. పిల్లలు సొంత మాటలు ఎందుకు రాయరు అని నేను చాలాకాలం ఆలోచించాను. బద్ధకం కొంత, తొందర కొంత, అవి ఉన్నాయి. అసలు సంగతి వేరే. ఆరో తరగతి పిల్ల "మా అమ్మ" అనే అంశం మీద ఇట్లా రాసిందనుకోండి: "మా అవ్వ మబ్బులనే లేసి బాయికాడికి పోతది. పొద్దుమూకినంక ఇంటికొస్తది." మనం ఎర్ర పెన్ను తీస్తాం. మబ్బులనే కొట్టేసి తెల్లవారుజామున అని రాస్తాం. బాయికాడికి కొట్టేసి పొలమునకు అంటాం. పొద్దుమూకినంక కొట్టేసి సాయంత్రమైన పిదప అంటాం. మిగతా మాటలు కూడా ఇట్లాగే దిద్దుకుంటూ పోతాం. చివరికి ఆ రెండు వాక్యాల్లో పిల్లది మిగిలింది "మా" ఒక్కటే. ఆ పిల్ల మళ్లీసారి ఏం చేస్తుంది? గైడు తెరుస్తుంది. "మాతృమూర్తి ప్రేమ వెలకట్టలేనిది" అని అందులో ఉన్నది ఉన్నట్టు దింపుతుంది. దానికి మనం టిక్కు పెట్టి 'గుడ్' అని రాస్తాం. సొంత మాటకి ఎర్రగీత, అరువు మాటకి గుడ్. పిల్లలు తెలివైనవాళ్లు, ఈ లెక్క వాళ్లకి ఒక్కసారికే అర్థమైపోతుంది.

ఇది ఎక్కడో కాదు, కాళోజీ నారాయణరావు గారు నడిచిన ఊళ్లో జరుగుతున్నది. ఆయన పుట్టినరోజు, సెప్టెంబర్ 9, మనం తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. బడిలో నేర్చిన పుస్తకాల భాష కాదు, జనం నోట్లో నలిగే భాష రాతలోకి రావాలని ఆయన జీవితమంతా వాదించారు. ఆ రోజు పొద్దున స్టేజీ మీద ఆయన ఫోటోకి దండ వేస్తాం, మధ్యాహ్నం నోటుబుక్కుల్లో బాయికాడ కొట్టేస్తాం. దీన్ని మార్చుకుంటే తప్ప ఈ కాపీ సంగతి ఒక్క అడుగు కూడా ముందుకు పోదని నా నమ్మకం. రాత భాష నేర్పొద్దు అనడం లేదు, నేర్పాలి, పది పరీక్షలో అది కావాలి. కానీ మొదటి రాత పిల్లల మాటల్లో రానివ్వండి. ఆలోచన సొంతమా కాదా అన్నది మొదటిసారి దిద్దినప్పుడు చూడండి, స్పెల్లింగు, భాష రెండోసారి చూడండి. రెండూ ఒకేసారి దిద్దితే పిల్లలకి అన్నీ తప్పులే కనిపిస్తాయి.

సరే, సొంత మాటల్లో చెప్పడం పిల్లలకి రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. సోమవారం పొద్దున ప్రేయర్‌కి ముందు చూడండి. ఆదివారం సినిమా చూసొచ్చినవాడు చూడనివాళ్లకి కథ చెప్తుంటాడు. రెండున్నర గంటల సినిమాని పది నిమిషాల్లో చెప్తాడు. అక్కర్లేనివి వదిలేస్తాడు, ముఖ్యమైనవి ముందుకు తెస్తాడు, "అరేయ్ ఆగు, అంతకుముందు ఏమైతదంటే" అని వెనక్కి పోయి సర్దుకుంటాడు. అదంతా వాడి మాటలే. మధ్యలో హీరో డైలాగు వస్తుంది. అక్కడ మాత్రం వాడు సొంతంగా చెప్పడు, ఛాతీ విరిచి, గొంతు మార్చి, హీరో ఎట్లా అన్నాడో అక్షరం పొల్లుపోకుండా అట్లాగే అంటాడు, "అప్పుడు ఇట్లంటడు చూడు" అని ముందే చెప్పి మరీ. ఆ డైలాగు నాదే అని వాడు ఎన్నడూ అనడు. అన్నాడంటే పక్కనున్నవాళ్లు ఊరుకోరు.

మనకు కావలసింది మొత్తం ఇందులోనే ఉంది. కథని తన మాటల్లో చెప్పడం. యథాతథంగా చెప్పాల్సినచోట యథాతథంగా చెప్పి, అది ఎవరి మాటో చెప్పడం. కాగితం మీద గొంతు మార్చడం కుదరదు కాబట్టి కొటేషన్ గుర్తులు పెడతాం, పేరు రాస్తాం, అంతే తేడా. నేను క్లాసులో ఈ విషయం ఎత్తుకున్నప్పుడు ముందు కొటేషన్ గుర్తుల గురించి చెప్పను, ఒకరిని లేపి సినిమా కథ చెప్పిస్తాను. మిగతావాళ్లని ఎక్కడెక్కడ సొంత మాట, ఎక్కడ సినిమా మాట అని పట్టుకోమంటాను. భలే పట్టుకుంటారు.

ఇప్పుడు కాగితం మీదకి వద్దాం. మీ చేతికి ఇచ్చిన కాగితంలో ఒక చిన్న పేరా ఉంది, రామప్ప గురించి నేనే రాసింది. చదువుతాను:

"పాలంపేటలోని రామప్ప గుడిని కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. పైకప్పు మీది విమానం బరువు తగ్గడానికి శిల్పులు నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. నేల అదిరినా కట్టడం నిలబడేలా పునాదిలో ఇసుక నింపారు."

దీన్ని సొంత మాటల్లో రాయమంటే తొమ్మిదో తరగతిలో ఎక్కువమంది రాసేది ఇట్లా ఉంటుంది:

"పాలంపేటలో ఉన్న రామప్ప ఆలయాన్ని కాకతీయ రాజు గణపతిదేవుని సైన్యాధిపతి రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరంలో నిర్మింపజేశాడు. పైకప్పు మీది శిఖరం భారం తగ్గించడానికి శిల్పకారులు నీళ్లలో తేలే బరువు లేని ఇటుకలను ఉపయోగించారు. భూమి కంపించినా నిర్మాణం నిలబడే విధంగా పునాదిలో ఇసుకను నింపారు."

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. గుడి ఆలయమైంది, సేనాని సైన్యాధిపతి అయ్యాడు, బరువు భారమైంది, వాడారు ఉపయోగించారు అయింది. వాక్యాలు మూడే, అదే వరుస, అదే నడక. బట్టలు మార్చారు, మనిషి అదే. పిల్లలు దీన్ని నిజాయితీగానే చేస్తారు, ఎందుకంటే సొంత మాటలు అంటే పర్యాయపదాలు మార్చడం అని వాళ్లు అనుకుంటున్నారు. పర్యాయపదాలకు మార్కులు కూడా ఉంటాయి మరి. ఇంకో సంగతి గమనించారా? "బరువు లేని ఇటుక" అని వచ్చింది. బరువు లేని ఇటుక లోకంలో ఎక్కడైనా ఉంటుందా? తేలికైన అన్నదానికి వేరే మాట వెతుకుతూ అక్కడ జారిపడ్డారు. మాట మారుస్తున్నప్పుడు దృష్టంతా మాట మీదే ఉంటుంది, ఇటుక మీద ఉండదు. ఇట్లాంటి జారుడు ఎక్కడ కనిపించినా అక్కడ అర్థం కాలేదని గుర్తు. తిట్టడానికి కాదు, మళ్లీ చెప్పడానికి ఆ గుర్తు పనికొస్తుంది.

ఇదే పేరాని ఇంకో రకంగా చేయించాం. కాగితం ఇచ్చి రెండుసార్లు చదవమన్నాం. ఐదారు మాటలు మాత్రం నోటుబుక్కులో రాసుకోమన్నాం: పాలంపేట, 1213, రేచర్ల రుద్రుడు, తేలే ఇటుకలు, ఇసుక పునాది. కాగితం వెనక్కి తీసేసుకున్నాం. పక్కన కూర్చున్నవాళ్లకి, ఆ గుడి ఎప్పుడూ చూడనివాళ్లకి చెప్తున్నట్టు నోటితో చెప్పమన్నాం. చెప్పడం అయ్యాకనే పెన్ను పట్టాలి. ఒక పాప రాసింది చదువుతాను:

"రామప్ప గుడి కట్టేటప్పుడు వాళ్లకి రెండు భయాలు ఉండొచ్చు. పైన బరువు ఎక్కువైతే ఎట్లా, కింద నేల కదిలితే ఎట్లా. అందుకని పైన నీళ్లలో వేస్తే తేలే ఇటుకలు పెట్టారు, కింద పునాదిలో ఇసుక పోశారు. ఇది ఎనిమిది వందల ఏళ్ల కిందటి పని. 1213లో గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు చేయించాడు. (సార్ ఇచ్చిన పేరా చదివి రాశాను.)"

ఎంత బాగుందో చూడండి. వరుస తారుమారైంది, ఎందుకంటే ఆ పాపకి తేదీ కంటే గుడి ఎట్లా నిలబడింది అన్నదే ముఖ్యం అనిపించింది. "రెండు భయాలు" అన్నది నా పేరాలో లేదు, అది పూర్తిగా ఆమెది. అది ఊహ అని ఆమెకే తెలుసు, అందుకే "ఉండొచ్చు" అని రాసింది. ఊరి పేరు వదిలేసింది కానీ, నా పేరాలోని ముఖ్యమైన విషయం ఎక్కడా పోలేదు, ఎక్కడా మారలేదు. పేరు, సంవత్సరం మార్చలేదు, వాటిని మార్చకూడదు కూడా. చివర ఎక్కడి నుంచి తెచ్చిందో చెప్పింది. చాలామంది ఇక్కడే పొరబడతారు, మాటలు మనవైపోతే ఇక పేరు చెప్పక్కర్లేదని. మాటలు మనవే, విషయం వేరేచోట నుంచి వచ్చింది కదా. కాబట్టి చెప్పాలి.

(సభలో ఒక టీచర్: సార్, అట్లా ప్రతి వాక్యానికి పేరు పెట్టుకుంటూ పోతే పిల్లల రాతలో పేర్లే ఉంటాయి కదా?)

మంచి ప్రశ్న. అన్నిటికీ అక్కర్లేదు. వరంగల్ కాకతీయుల రాజధాని, వేయి స్తంభాల గుడి రుద్రదేవుడు 1163లో కట్టించాడు, మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరుగుతుంది, రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇట్లాంటివి ఏ పుస్తకం తీసినా ఉంటాయి, ఎవరి సొత్తూ కాదు. ఇవి చెప్పడానికి పేరు అక్కర్లేదు. కానీ ఒక చరిత్రకారుడు పదేళ్లు శాసనాలు చదివి, కాకతీయుల చెరువుల వల్ల ఊళ్లు ఇట్లా పుట్టాయి అని ఒక వాదం కట్టాడనుకోండి, అది ఆయన చెమట. ఒకరు ఎండలో నిలబడి తీసిన ఫోటో, అది వాళ్లది. గూగుల్‌లో దొరికింది కాబట్టి గూగుల్‌ది కాదు. పిల్లలు బొమ్మ కింద "గూగుల్" అని రాస్తారు, అది రోడ్డు పేరు చెప్పినట్టే, ఇల్లు ఎవరిదో చెప్పలేదు. బొమ్మ ఉన్న పేజీ తెరిచి, తీసినవారి పేరు ఉందేమో చూడమనండి.

తెలుగు వికీపీడియా గురించి కూడా ఒక మాట. అందులోది వాడుకోవద్దని ఎవరూ అనలేదు. ఎక్కడ తీసుకున్నారో చెప్పి వాడుకొమ్మని దాని లైసెన్సే చెప్తుంది. ఇంగ్లిష్ పేజీని ఫోన్లో తెలుగులోకి మార్చి దింపినా అంతే, భాష మారింది తప్ప రాసినవాళ్లు మారలేదు.

ఇంతకంటే ముఖ్యమైంది, నాకు బాగా పట్టింపు ఉన్నది ఒకటుంది. పుస్తకంలో ఉన్నదానికే పేరు చెప్పాలి, నోటితో చెప్పినదానికి అక్కర్లేదు అనే అలవాటు. మన దగ్గర సగం చరిత్ర నోటి మీదే ఉంది. ఒక పిల్లవాడు వరంగల్‌లో నేతపనివాళ్లుండే కొత్తవాడ పోయి, మగ్గం మీద జంపఖానా నేసే తాతతో గంటసేపు మాట్లాడి వస్తాడు. రంగులు ఎట్లా అద్దుతారు, కూలీ ఎంత వస్తుంది, కొడుకులు ఈ పనిలో ఎందుకు లేరు, అన్నీ ఆ తాత చెప్తాడు. ప్రాజెక్టులో మాత్రం "వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది" అని వెబ్‌సైటు పేరు నీటుగా రాసి, తాత పేరు ఎక్కడా పెట్టడు. ఎందుకంటే ఆయన పుస్తకం రాయలేదు. ఆ తాత పేరు, ఊరు, మాట్లాడిన తేదీ రాయాలి, ముందుగా ఆయన్ని అడిగి. మేడారానికి ఎడ్లబండి మీద పోయిన సంగతులు నానమ్మ చెప్తే "మా నానమ్మ చెప్పింది" అని రాయాలి. ఆ మాట రాసిన రోజు ఆ పిల్లలకి ఇది రూలులాగా కనిపించదు, నానమ్మకిచ్చిన గౌరవంలాగా కనిపిస్తుంది. మీరు చేయించి చూడండి, ఆ కాగితం నానమ్మకి చదివి వినిపించమనండి.

ఇది ఎక్కడో విదేశీ యూనివర్సిటీల వాళ్లు పెట్టిన పద్ధతి అనుకునేవాళ్లు ఉన్నారు. పోతన ఊరు, మన బమ్మెర ఎంత దూరం? పాలకుర్తి పక్కనే. పోతన భాగవతాన్ని వ్యాసుడి సంస్కృతం నుంచి తెలుగు చేశాడు, ఆ సంగతి ఎక్కడా దాచలేదు. ఇంకా గొప్ప విషయం ఏమిటంటే, తెలుగు భాగవతం మొత్తం పోతన ఒక్కడిదే కాదు. ఐదో స్కంధం, అంటే ఐదో భాగం, గంగనది, ఆరోది సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. మనకు ఎట్లా తెలుసు? ఆయా స్కంధాల చివరి గద్యలో, అంటే ముగింపు వచనంలో, పేరు ఉంటుంది కాబట్టి. అంత పెద్ద పుస్తకంలో ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో మనం ఇవాళ చెప్పగలుగుతున్నాం. తొమ్మిదో తరగతి గ్రూప్ ప్రాజెక్టులో నలుగురు కలిసి రాస్తే ఎవరు ఏ భాగం రాశారో చివర రాయమనండి. గంగన, సింగన చేసిన పనే అది. ఇక్కడే ఇంకో తేడా కూడా చెప్పేస్తాను. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ల వరకే హక్కులు. పోతన పద్యాలకి ఆ హక్కు ఎవరికీ లేదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కానీ ఆ పద్యం నేను రాశానని చెప్తే అది తప్పే. చట్టం సంగతి వేరు, ఇది వేరు.

ఇప్పుడు పట్టుబడినప్పుడు ఏం చేయాలి అన్నది. ఇది నెమ్మదిగా చెప్పాలి. హెలెన్ కెల్లర్ మీ అందరికీ తెలుసు, చూపు, వినికిడి రెండూ లేకుండా చదువుకుని రచయిత్రి అయిన మనిషి. ఆమెకి పదకొండేళ్లప్పుడు, 1891లో, మంచు రాజు మీద ఒక కథ రాసి, తాను చదువుకున్న పెర్కిన్స్ అంధుల బడి డైరెక్టరుకి పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చు వేయించాడు. తర్వాత తేలింది, అది మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి ముందెప్పుడో రాసిన కథకి చాలా దగ్గరగా ఉందని. కొన్నేళ్ల కిందట ఎవరో ఆ పుస్తకాన్ని హెలెన్ చేతిలో వేళ్లతో అక్షరాలు రాస్తూ చదివి వినిపించారు. కథ మనసులో ఉండిపోయింది, విన్న సంగతి మరిచిపోయింది. అది తన కథే అనుకుని రాసింది. అప్పుడు బడివాళ్లు ఏం చేశారు? ఒక కమిటీ వేశారు. పదకొండేళ్ల పిల్లని, చూడలేని వినలేని పిల్లని, ఆమె టీచరు ఆనీ సలివన్‌ని బయటికి పంపించి, గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించారు. కమిటీ సగం ఇటు, సగం అటు తేలింది. మోసం చేసిందని రుజువు కాలేదు. కానీ ఆ పిల్లకి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 1903లో వచ్చిన ఆత్మకథలో ఆమె ఈ సంగతి రాసింది. ఆ తర్వాత ఏం రాసినా, ఉత్తరం రాసినా సరే, ఇది నాదేనా, ఎక్కడైనా చదివిందా అని భయం పట్టుకునేదని. తన కథ ఎత్తుకుందని కోపగించుకోవాల్సిన కాన్బీ మాత్రం ఆ పిల్లకి ఆదరంగా ఉత్తరం రాసింది.

దీన్ని నేను ప్రతి టీచరుకి చెప్తాను. పిల్లల రాతలో వేరేవాళ్ల వాక్యం కనిపించగానే క్లాసు ముందు నిలబెట్టి దొంగ అనకండి. ఆ మాట ఆ వయసులో పడితే పోదు. పక్కకి పిలిచి, "ఈ పేరా బాగుంది బిడ్డా, ఎక్కడ చదివినవ్?" అని అడగండి. ఎక్కువమంది చెప్పేస్తారు. చెప్పగానే "అయితే ఆ పుస్తకం పేరు కింద రాయి, ఈ పేరా నాకు నోటితో చెప్పు" అనండి. అక్కడికక్కడే దిద్దుబాటు అయిపోతుంది. తెలిసి తెలిసి, నేర్పాక కూడా, మళ్లీ మళ్లీ చేస్తే అప్పుడు మార్కులు తీసేయండి, తల్లిదండ్రులతో మాట్లాడండి. కానీ నేర్పకముందే శిక్ష వద్దు.

ఎందుకింత చిన్నప్పుడే అంటారా, ఈ పిల్లలే రేపు కాకతీయ యూనివర్సిటీకో ఎన్‌ఐటీకో పోతారు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018లో దీని మీద నిబంధనలు తెచ్చింది. పీహెచ్‌డీ లాంటి చదువులకి రాసే థీసిస్‌లో వేరేవాళ్ల రాతతో పోలిక పది శాతం లోపు ఉంటే ఏమీ అనరు. నలభై దాకా ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఒక ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికే లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇరవై ఐదేళ్లప్పుడు ఈ రూలు మొదటిసారి విని హడావుడిగా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ వెతుక్కునే పిల్లలు ఉన్నారు. మళ్లీ అదే, గుడిని ఆలయం చేయడం. సాఫ్ట్‌వేర్ లెక్క కట్టేది మాటల పోలికని, ఆలోచన ఎవరిదో దానికి తెలియదు. శాతం తగ్గించుకోవడం నేర్చుకున్నవాడు చదవడం నేర్చుకున్నట్టు కాదు.

(సభలో ఒక తండ్రి: ఇప్పుడు ఏఐ వచ్చింది కద సార్. మావాడు దాన్నడిగి రాయించుకుంటుండు. అది కాపీ అయితదా, కాదా?)

అవుతుంది. వాడు రాయనిది వాడి పేరు మీద ఇస్తున్నాడు కదా. ఎవరి పుస్తకంలోనూ ఆ వాక్యం ఉన్నదున్నట్టు దొరకకపోవచ్చు, అయినా వాడిది కాదు. పట్టుకునే యంత్రాలు ఉన్నాయి కదా అంటారు, వాటిని నమ్మి పిల్లల మీద నింద వేయకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2023లో అట్లాంటి సాధనం ఒకటి తెచ్చి, సరిగ్గా చెప్పలేకపోతోందని కొన్ని నెలల్లోనే తీసేశారు. వాళ్లకే చేతకాలేదు. పైగా ఏఐ లేని పుస్తకానికి పేరు పెట్టి, లేని రచయితని చూపించి చెప్పగలదు, అది కూడా చాలా ధీమాగా. కాబట్టి మీవాడు దాన్ని అడిగితే అడగనివ్వండి, అర్థం కానిది విడమరచి చెప్పించుకోవడానికి పనికొస్తుంది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, మీకు చెప్పమనండి. చెప్పగలిగిందే రాయమనండి, చివర "ఫలానా విషయం ఏఐని అడిగి తెలుసుకున్నాను, ఫలానా పుస్తకంలో సరిచూశాను" అని రాయమనండి.

(ఒక టీచర్: మీరు చెప్పింది బాగుంది సార్, కానీ పదో తరగతిలో సొంతంగా రాస్తే మార్కులు తగ్గుతాయని భయం. పిల్లలకూ ఉంది, మాకూ ఉంది.)

ఉంది, కాదనను. పబ్లిక్ పేపరు దిద్దే మనిషి ఎవరో మనకు తెలియదు, రిజల్ట్ మీద బడి పేరు ఆధారపడి ఉంటుంది. అందుకే పదో తరగతిలో మొదలుపెట్టొద్దు అంటున్నాను. నాలుగు, ఐదు తరగతుల్లో "ఈ సంగతి నీకు ఎవరు చెప్పారు?" అని అడగడం ఒక్కటి అలవాటు చేయండి చాలు. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివి, మూసి, చెప్పి, రాయడం. వారానికి ఒక్క పేరా, అంతకంటే వద్దు, మీకు దిద్దే టైం ఉండదు. ఆ మూడేళ్లు చేసినవాళ్లు పదికి వచ్చేసరికి జవాబులో ఉండాల్సిన నాలుగు పాయింట్లు ఏవో పట్టుకోగలుగుతారు, ఆ పాయింట్లు ఉంటే మాట ఎవరిదైనా మార్కు వస్తుంది. బట్టీ పట్టినవాడు మొదటి మాట మరిచిపోతే జవాబంతా పోతుంది, వీడికి అట్లా పోదు. ఇంకొకటి మన చేతుల్లోనే ఉంది. ప్రాజెక్టు అంశం మార్చండి. "రామప్ప గురించి రాయండి" అంటే నెట్‌లో ఉన్నదే వస్తుంది. "మీ వీధిలో అందరికంటే పెద్దవాళ్లని అడిగి, వాళ్లు రామప్ప మొదటిసారి ఎప్పుడు, ఎట్లా పోయారో రాయండి" అనండి. అది ఏ ఫోన్‌లోనూ దొరకదు.

(వెనక వరుసలో ఒక తల్లి: సార్, మాకు సదువు రాదు. గీ పుస్తకాలు, పేర్లు మాకేం ఎరుక. ఇంట్ల మేమేం జెయ్యాలె?)

అమ్మా, మీరు చేసేదే అన్నిటికంటే పెద్ద పని. రాత్రి అన్నం తినేటప్పుడు "ఇయ్యాల బళ్లె ఏం జెప్పిండ్రు" అని అడగండి. చెప్పేటప్పుడు పుస్తకం తెరవనియ్యకండి. మీకు సమజ్ కాకపోతే కాలేదని ముఖం మీదనే చెప్పండి, మొహమాటపడకండి, అప్పుడు మళ్లీ ఇంకో తీరుగా చెప్తది. ఆ రెండోసారి చెప్పేది ఉంది చూశారా, అదంతా మీ బిడ్డ సొంత మాటే. చెప్పినంక, మరిచిపోకముందే, అట్లనే కాగితం మీద పెట్టమనండి. మీ ఇంట్లో మాట్లాడే మాటలు అందులో పడినా ఏం పర్వాలేదు. దిద్దుకునేది మేం చూసుకుంటాం.